ఆర్‌వీ బ్యాటరీ పది కాలాలు నిలవాలంటే: సీల్డ్ డీప్ సైకిల్ బ్యాటరీల చార్జింగ్, సంరక్షణ

సీల్డ్ బ్యాటరీ మీద 'మెయింటెనెన్స్ ఫ్రీ' అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి బ్యాటరీని పెట్టెలో పెట్టి మర్చిపోయేవాళ్లు చాలామంది. నీళ్లు పొయ్యక్కర్లేదన్నది నిజమే, కానీ పొయ్యాలన్నా కుదరదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబ్యులర్ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కువై నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోసి సర్దుకుంటాం. సీల్డ్ బ్యాటరీలో తగ్గింది తగ్గినట్టే. అందుకే దీనికి చెయ్యాల్సిన చాకిరీ తక్కువే గానీ, పెట్టాల్సిన శ్రద్ధ ఎక్కువ.

ఈ వ్యాసం అమెరికాలో ఆర్‌వీ (రిక్రియేషనల్ వెహికల్, ఇల్లులా వాడుకునే బండి), అంటే ట్రావెల్ ట్రెయిలరో, ఫిఫ్త్ వీలో, మోటార్‌హోమో కొనుక్కున్న మనవాళ్ల కోసం. ఇందులో ఉన్నదంతా లెడ్ యాసిడ్ రకాల గురించే. లిథియం కథ వేరు.

ఒక్క విషయం ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నేను చూసినంతలో ఆర్‌వీ బ్యాటరీలు వాడి వాడి అరిగిపోవడం తక్కువ. పూర్తిగా చార్జ్ కాకుండా వారాల తరబడి పడి ఉండటం వల్ల, లేదంటే ఎండలో అవసరానికి మించి చార్జ్ అవడం వల్ల పోయేవే ఎక్కువ. బ్యాటరీ డిశ్చార్జ్ అవుతున్నప్పుడు లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. ఆలస్యం చెయ్యకుండా చార్జ్ చేస్తే అది మళ్లీ కరిగిపోతుంది. అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి పలకని పట్టుకుంటుంది. ఇక ఎంత చార్జ్ చేసినా ఆ భాగం పనిచెయ్యదు. దీన్నే సల్ఫేషన్ అంటారు. 90 శాతం దగ్గర చార్జింగ్ ఆపేసే అలవాటు ఉంటే, మిగిలిన ఆ 10 శాతంలో ప్రతిసారీ జరిగేది ఇదే.

1. మీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోండి

మూత తియ్యడానికి వీల్లేని ప్రతి బ్యాటరీ ఒకటి కాదు. ఏజీఎం రకంలో యాసిడ్‌ని గాజు నూలు చాపలు పీల్చుకుని పలకల మధ్య పట్టి ఉంచుతాయి. జెల్ రకంలో యాసిడ్ ముద్దలా గడ్డకట్టి ఉంటుంది. ఈ రెండింటిలోనూ చార్జింగ్ అప్పుడు పుట్టే ఆక్సిజన్ బయటికి పోకుండా నెగటివ్ పలక దగ్గరికి చేరి మళ్లీ నీరైపోతుంది. అందుకే నీళ్లు తగ్గవు. కాకపోతే వోల్టేజి మరీ పెరిగితే గ్యాస్ అంత వేగంగా నీరు కాలేదు. లోపల ఒత్తిడి పెరిగి వాల్వు తెరుచుకుంటుంది, ఆ తేమ ఇక తిరిగి రాదు. మూడో రకం ఒకటుంది. లోపల మామూలు ద్రవ యాసిడే, పైన మూత మాత్రం తీసే వీల్లేకుండా బిగించేసి ఉంటుంది. కొత్త ట్రెయిలర్‌తో పాటు డీలర్లు ఇచ్చేది చాలాసార్లు ఇదే.

లేబుల్ మీద ఏం రాశారో చూడండి. కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, మెరైన్ క్రాంకింగ్ ఆంప్స్ అన్న అంకెలు పెద్దగా వేసి, ఆంపియర్ అవర్లు ఎక్కడా కనపడకపోతే అది అసలు డీప్ సైకిల్ (బాగా ఖాళీ చేసి మళ్లీ మళ్లీ నింపుకునేందుకు చేసిన) బ్యాటరీ కాదు. ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికీ, ఇంత లైట్లకీ కలిపి చేసిన మధ్యరకం. నిజమైన డీప్ సైకిల్ బ్యాటరీకి పలకలు మందంగా ఉంటాయి, లేబుల్ మీద 20 గంటల లెక్కన ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) రాసి ఉంటుంది. 100 ఏహెచ్ అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని అర్థం. అదే బ్యాటరీ మీద 50 ఆంపియర్ల లోడు పెడితే రెండు గంటలు రాదు, అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది.

సైజుల సంగతి: గ్రూప్ 24 అంటే దాదాపు 70 నుంచి 85 ఏహెచ్, గ్రూప్ 31 అయితే 100 పైన. గోల్ఫ్ కార్ట్‌లో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపితే 12 వోల్టుల దగ్గర 200 ఏహెచ్ పైన వస్తుంది. స్థలముంటే నా ఓటు వీటికే.

తయారీ తేదీ కోడ్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన చార్జింగ్ వోల్టేజి పట్టిక కూడా దించుకోండి. ఇక్కడ నేనిచ్చే అంకెలకీ ఆ పట్టికకీ తేడా వస్తే పట్టికదే చెల్లుబాటు.

2. రోజుకెంత వాడుతున్నారో లెక్క కట్టండి

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చెయ్యకూడదన్నది పాత సూత్రం. అలా చేస్తే అప్పటికప్పుడే పోదు గానీ, రోజూ 80 శాతం దాకా దించితే దాని ఆయుష్షు బాగా తగ్గిపోతుంది. కాబట్టి 100 ఏహెచ్ బ్యాటరీని 50 ఏహెచ్ బ్యాటరీ అనుకుని ప్లాన్ చేసుకోండి.

ఎల్‌ఈడీ లైట్లు లెక్కలోకి రావు. నీళ్ల పంపు తిరిగినప్పుడు 5 నుంచి 8 ఆంపియర్లు లాగుతుంది, కానీ రోజు మొత్తం మీద తిరిగేది కొద్ది నిమిషాలే. చలి రాత్రుల్లో అసలు దెబ్బ ఫర్నేస్‌ది. అది గ్యాస్‌తో నడుస్తుంది కదా అనుకుంటాం, దాని ఫ్యాన్ మాత్రం బ్యాటరీ మీదే తిరుగుతుంది. 7 ఆంపియర్ల ఫ్యాన్ పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగితే 35 ఏహెచ్ అయిపోయినట్టే. కొలరాడో కొండల్లో పడుకుంటే సగం సేపుతో సరిపెట్టదు కూడా. ఈమధ్య ట్రెయిలర్లలో వస్తున్న 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఉంటే రోజుకి ఇంకో 50 నుంచి 70 ఏహెచ్ కలుపుకోండి. ఒక్క 100 ఏహెచ్ బ్యాటరీతో ఆ ఫ్రిజ్ నడుపుతూ హుకప్ (క్యాంపులో ఇచ్చే కరెంటు కనెక్షన్) లేని చోట రెండు రాత్రులు ఉండాలనుకోవడం అత్యాశ.

ఇక మన వంటగది. ఇన్వర్టర్ మీద 500 వాట్ల రైస్ కుక్కర్ పెడితే ఇన్వర్టర్ నష్టం కూడా కలిపి బ్యాటరీ నుంచి దాదాపు 47 ఆంపియర్లు లాగుతుంది. అన్నం అయ్యేసరికి అరగంట, అంటే 23 ఏహెచ్. వాడుకోదగ్గ 50లో సగం దాకా ఒక్క పూట అన్నానికే పోయింది. ఆ తర్వాత 'వార్మ్' మీద వదిలేస్తే గంటకి ఇంకో 3 ఏహెచ్. ప్రెషర్ కుక్కర్‌ని గ్యాస్ పొయ్యి మీద పెట్టుకుంటే ఈ లెక్కే ఉండదు. మిక్సీ సంగతి తమాషాగా ఉంటుంది. చట్నీ రుబ్బడానికి 750 వాట్లు లాగినా పని నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది, ఖర్చయ్యేది రెండు ఏహెచ్ లోపే. కానీ ఆ నిమిషంలో 70 ఆంపియర్లు ఒక్కసారిగా లాగేసరికి వోల్టేజి గబుక్కున పడిపోతుంది, బ్యాటరీ సగం నిండుగా ఉన్నా ఇన్వర్టర్ 'లో బ్యాటరీ' అలారం కొడుతుంది. అది బ్యాటరీ తప్పు కాదు. కేబుళ్లు సన్నగా ఉన్నాయేమో, బిగింపులు వదులుగా ఉన్నాయేమో ముందు చూడండి.

మీరేమీ వాడకపోయినా ఖర్చయ్యేది కొంత ఉంటుంది. ప్రొపేన్ లీక్ డిటెక్టర్, రేడియో మెమరీ, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు లాంటివన్నీ కలిసి అర ఆంపియర్ లాగాయనుకోండి, రోజుకి 12 ఏహెచ్. నిండు 100 ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజుల్లో సగానికి వచ్చేస్తుంది. "అన్నీ ఆపేసే వచ్చామే, బ్యాటరీ ఎలా చచ్చిపోయింది?" అన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు ఇదే.

3. కొలవడం నేర్చుకోండి

ట్రెయిలర్ గోడ మీద నాలుగు లైట్లతో ఉండే ఇండికేటర్‌ని నమ్మకండి. చార్జర్ నడుస్తుంటే బ్యాటరీ ఎంత ఖాళీగా ఉన్నా అది 'ఫుల్' అనే చూపిస్తుంది. ఒక మంచి డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి.

చార్జింగ్ ఆపి, లోడ్లన్నీ తీసేసి, బ్యాటరీని కనీసం నాలుగైదు గంటలు కదపకుండా ఉంచి అప్పుడు వోల్టేజి చూడాలి. రాత్రంతా ఉంచగలిగితే ఇంకా మంచిది. ఏజీఎంకి సుమారుగా ఇలా ఉంటుంది:

నిండుగా ఉంటే 12.8 లేదా ఆ పైన
75 శాతం దగ్గర 12.5 – 12.6
సగం దగ్గర 12.2 – 12.3
పావు దగ్గర 12.0
దాదాపు ఖాళీ అయితే 11.8, ఇంకా కింద

చార్జర్ తీసిన వెంటనే చూస్తే 13 పైన కనపడుతుంది. అది పైపైన ఉండే చార్జ్, దాన్ని చూసి మురిసిపోవద్దు.

హుకప్ లేని చోట్ల తరచూ ఉండేవాళ్లయితే షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని కొలిచే పరికరం) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకోండి. విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ లాంటిది చాలు, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. షంట్‌ని బ్యాటరీ నెగటివ్ వైపు పెట్టాలి, మిగతా నెగటివ్ వైర్లన్నీ దాని అవతలి కొసకే కలపాలి. ఒక్క వైరు నేరుగా బ్యాటరీకి మిగిలిపోయినా లెక్క తప్పుతుంది. పెట్టాక సెట్టింగుల్లో బ్యాటరీ కెపాసిటీ మార్చడం మర్చిపోకండి. మీ దగ్గర 100 ఏహెచ్ ఉండి యాప్‌లో 200 అని ఉంటే, అది చూపించే శాతానికి అర్థమే లేదు.

4. చార్జర్ సెట్టింగులు సరిచెయ్యండి

పని అంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

చార్జింగ్ మూడు దశల్లో జరుగుతుంది. మొదటిది బల్క్. చార్జర్ తన శక్తి కొద్దీ కరెంటు పంపిస్తుంది, వోల్టేజి మెల్లగా పైకి వస్తుంది. రెండోది అబ్సార్ప్షన్. వోల్టేజిని 14.4 దగ్గరో మరెక్కడో కదలకుండా పట్టి ఉంచితే, బ్యాటరీ తీసుకునే కరెంటు తనంతట తాను తగ్గుతూ వస్తుంది. మూడోది ఫ్లోట్. బ్యాటరీ నిండాక వోల్టేజిని తగ్గించి, తనలో తాను కోల్పోయే చార్జ్‌ని మాత్రం భర్తీ చేస్తూ ఉంటుంది.

ఏజీఎంకి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అబ్సార్ప్షన్ సాధారణంగా 14.2 నుంచి 14.7 మధ్య ఉంటుంది, ఫ్లోట్ 13.2 నుంచి 13.6 మధ్య. ఉదాహరణకి లైఫ్‌లైన్ కంపెనీ తన ఏజీఎంలకి అబ్సార్ప్షన్ 14.2 – 14.4, ఫ్లోట్ 13.2 – 13.4 అని చెప్తుంది. జెల్ అయితే 14.1 దగ్గర ఆగాలి. అంతకు మించితే ముద్దలో బుడగలు ఏర్పడి అక్కడే చిక్కుకుపోతాయి, ఆ ఖాళీలు మళ్లీ పూడవు. జెల్ బ్యాటరీని ఏజీఎం సెట్టింగు మీద పెట్టి వారం రోజులు వదిలేయడం దాన్ని చేజేతులా చంపుకోవడమే.

'నిండింది' అని చెప్పాల్సింది వోల్టేజి కాదు, కరెంటు. అబ్సార్ప్షన్ వోల్టేజి దగ్గర ఉండగా బ్యాటరీ తీసుకునే కరెంటు దాని కెపాసిటీలో 1 శాతానికి, కుదిరితే అర శాతానికి పడిపోవాలి. 100 ఏహెచ్ బ్యాటరీ అయితే 1 ఆంపియర్ లేదా అంతకంటే తక్కువ. అప్పుడే నిండినట్టు. షంట్ అవసరం ఇక్కడే తెలిసొస్తుంది. సగం ఖాళీ అయిన 100 ఏహెచ్ బ్యాటరీకి 50 ఆంపియర్ల చార్జర్ పెడితే గంటలోపు 80 శాతం దాటుతుంది, ఆ చివరి 15, 20 శాతానికి మాత్రం ఇంకో మూడు నాలుగు గంటలు పడుతుంది. కరెంటు పెంచి దాన్ని తొందరపెట్టలేం. 80 దగ్గర ఆపేసి జనరేటర్ కట్టేసేవాళ్ల బ్యాటరీలు ఏడాది, రెండేళ్లలో ఎందుకు నీరసపడతాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మీ ఆర్‌వీలో 120 వోల్టుల కరెంటుని 12 వోల్టులుగా మార్చే కన్వర్టర్ ఉంటుంది. చార్జర్ అదే. పాత కన్వర్టర్లు ఎప్పుడు చూసినా 13.6 దగ్గరే నిలబడతాయి. అది ఎటూ చాలని వోల్టేజి, త్వరగా నింపడానికి తక్కువ, నెలల తరబడి ఉంచడానికి ఎక్కువ. దశలవారీగా నడిచే రకమైతే పర్వాలేదు. ప్రోగ్రెసివ్ డైనమిక్స్ వారి చార్జ్ విజార్డ్ బూస్ట్‌లో 14.4, మామూలుగా 13.6, స్టోరేజ్‌లో 13.2 వోల్టులు ఇస్తుంది. స్టోరేజ్‌లో ఉండగా 21 గంటలకోసారి పావుగంట సేపు 14.4కి వెళ్లొస్తుంది. మీ దాంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం సులువే. బ్యాటరీని సగం దాకా వాడి, షోర్ పవర్ (బయటి ప్లగ్ నుంచి వచ్చే 120 వోల్టుల కరెంటు) పెట్టి, పది నిమిషాల తర్వాత బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. గంటగంటకీ చూస్తూ ఉండండి. ఎంతసేపటికీ 13.6 దాటకపోతే కన్వర్టర్ మార్చడమో, దాని వైర్లు చూపించడమో చెయ్యాలి. కన్వర్టర్ దగ్గర 14.4 ఉండి బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే తేడా అంతా దారిలో పోతోంది. వైరు సన్నదైనా అయ్యుండాలి, లేదా ఎక్కడో జాయింటు వదులైనా అయ్యుండాలి.

లిథియం కోసం పెట్టిన స్విచ్ ఉంటే దాన్ని లెడ్ యాసిడ్ వైపు ఉంచండి. లిథియం మోడ్‌లో 14.6 దగ్గర దిగకుండా నిలబడే కన్వర్టర్లు ఉన్నాయి, అవి ఏజీఎంని ఉడకబెట్టేస్తాయి.

ఇక ఉష్ణోగ్రత. పైన చెప్పిన వోల్టేజిలన్నీ 25 డిగ్రీల లెక్క. బ్యాటరీ అంతకంటే వేడిగా ఉంటే, ఒక్కో డిగ్రీకి 12 వోల్టుల బ్యాటరీ మీద సుమారు 0.024 వోల్టు తగ్గించాలి. చల్లగా ఉంటే అంతే పెంచాలి. డాలస్‌లో ఆగస్టు మధ్యాహ్నం బ్యాటరీ పెట్టెలో 40 డిగ్రీలు ఉందనుకుందాం. 14.4 పెట్టాల్సిన చోట దాదాపు 14.05 చాలు. అదే 5 డిగ్రీల చలిలో 14.9 దగ్గర పెడితేనే నిండుతుంది. ఈ సర్దుబాటు కోసమే మంచి సోలార్ కంట్రోలర్లు, చార్జర్లు ఒక సెన్సార్ వైరుని ఇస్తాయి. దాన్ని బ్యాటరీ టెర్మినల్‌కో పక్క గోడకో అంటించాలి. చాలా ఆర్‌వీల్లో ఆ సెన్సార్ విప్పని ప్యాకెట్‌లోనే ఉంటుంది! ఎండ ప్రాంతంలో ఉండేవాళ్లకి ఇంతకంటే చవకైన బీమా లేదు. ఎందుకంటే సీల్డ్ బ్యాటరీ సగటున ఉండే వేడి 8, 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది.

5. క్యాంపులో ఉండగా

షోర్ పవర్ ఉంటే పెద్ద కథ లేదు. తగిలించండి, రాత్రంతా వదిలేయండి.

జనరేటర్ మీద ఆధారపడితే టైమ్ చూసుకోవాలి. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో జనరేటర్‌కి ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 మాత్రమే అనుమతి. ఒక్కో పార్కుకి ఒక్కో నియమం ఉంటుంది, బయల్దేరే ముందు చూసుకోండి. ఇలాంటి చోట తెలివైన పద్ధతి ఏంటంటే, పొద్దున్నే బ్యాటరీ బాగా ఖాళీగా ఉన్నప్పుడు జనరేటర్ వెయ్యండి, అప్పుడే అది కరెంటుని ఆబగా లాగుతుంది. బల్క్ అయిపోయాక ఆ నింపాదిగా సాగే చివరి భాగాన్ని సోలార్‌కి వదిలేయండి. సాయంత్రం ఐదింటికి జనరేటర్ వేస్తే గ్యాసొలీన్ ఖర్చు, పక్కవాళ్ల చూపులు తప్ప పెద్దగా ఒరిగేదేం ఉండదు. కొన్ని జనరేటర్లకి 12 వోల్టుల సాకెట్ ఉంటుంది, దానితో చార్జ్ చేద్దామనుకోకండి. అది ఇచ్చేది 8 ఆంపియర్లే, దశలూ ఉండవు. ట్రెయిలర్ ప్లగ్‌ని జనరేటర్‌కి తగిలించి కన్వర్టర్ పని కన్వర్టర్‌ని చెయ్యనివ్వండి.

కప్పు మీద పరిచిన 200 వాట్ల ప్యానెళ్లు మంచి వేసవి ఎండలో రోజుకి 50 ఏహెచ్ దాకా ఇస్తాయి. చెట్టు నీడలో పార్క్ చేస్తే అందులో పావు వంతు కూడా రాదు. నీడలో చల్లగా పడుకోవాలా, ఎండలో బ్యాటరీ నింపుకోవాలా అన్నది ఆర్‌వీ కాపురంలో రోజూ వచ్చే తగువే. మడతపెట్టే ప్యానెల్ ఒకటి ఉంటే ఇద్దరికీ రాజీ. కంట్రోలర్‌లో మీ బ్యాటరీ రకం ఎంచుకోవాలి. ఈక్వలైజేషన్ (కావాలని ఎక్కువ వోల్టేజి మీద చార్జ్ చెయ్యడం) అన్న ఆప్షన్ ఉంటే సీల్డ్ బ్యాటరీకి ఆపేసి ఉంచాలి. జెల్‌కి అది ఎప్పుడూ పనికిరాదు, ఏజీఎంలలో కంపెనీ ప్రత్యేకంగా చెప్పిన వాటికే, కెపాసిటీ తగ్గినప్పుడు మాత్రమే చెయ్యాలి.

ట్రక్కు వెనక సెవెన్ పిన్ ప్లగ్ ద్వారా దారిలో చార్జ్ అయిపోతుందన్నది సగం నిజం. ఆ వైరు సన్నది, పొడవెక్కువ. బ్యాటరీ దగ్గరికి చేరేసరికి 10 ఆంపియర్లు కూడా మిగలవు, నిండేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అదే సమయంలో గ్యాస్ ఫ్రిజ్‌ని 12 వోల్టుల హీటర్ మీద నడిపితే వచ్చిందంతా అదే తినేస్తుంది, పైగా బ్యాటరీలోంచి కూడా లాగుతుంది. నిజంగా దారిలో నింపుకోవాలంటే మందపాటి కేబుల్, డీసీ టు డీసీ చార్జర్ పెట్టించుకోవాల్సిందే.

6. ట్రిప్పుల మధ్య నిల్వ

ఇంటికి రాగానే మొదటి పని బ్యాటరీని పూర్తిగా నింపడం. దాచడం తర్వాత. ఆదివారం సాయంత్రం 60 శాతంతో స్టోరేజ్ యార్డులో వదిలేసి, మళ్లీ లాంగ్ వీకెండ్‌కి తియ్యడం చాలామంది చేసే పని. సల్ఫేషన్‌కి అంతకంటే మంచి అవకాశం ఇవ్వలేం.

నింపాక వాకిట్లో ప్లగ్ ఉందనుకోండి, దశలవారీ చార్జర్‌కి తగిలించి ఉంచొచ్చు. నెలకోసారి మల్టీమీటర్‌తో చూసి ఫ్లోట్ మీ బ్యాటరీ పట్టికలో చెప్పిన దాన్ని దాటలేదని నిర్ధారించుకోండి. ప్లగ్ లేని యార్డు అయితే బ్యాటరీని పూర్తిగా విడదియ్యండి. ఆర్‌వీలో ఉండే డిస్‌కనెక్ట్ స్విచ్ అన్నిటినీ ఆపుతుందన్న గ్యారెంటీ లేదు, గ్యాస్ డిటెక్టర్ లాంటివి చాలాసార్లు దాన్ని దాటి నేరుగా కలిపి ఉంటాయి. స్విచ్ ఆపేశాక నెగటివ్ కేబుల్ తీసి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ని ఆంపియర్ల మోడ్‌లో పెట్టి చూస్తే తెలిసిపోతుంది. సున్నా కాకపోతే ఆ కేబుల్ తీసి ఉంచడమే మార్గం. ట్రెయిలర్‌ని మళ్లీ లాగే ముందు మాత్రం తప్పకుండా తగిలించాలి, బ్రేక్‌అవే బ్రేకులు (ట్రెయిలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే వాటంతటవే పడేవి) పనిచేసేది ఆ బ్యాటరీ మీదే.

విడదీసిన ఏజీఎం 25 డిగ్రీల దగ్గర నెలకి 1 నుంచి 3 శాతం చార్జ్ మాత్రమే కోల్పోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ నష్టం రెట్టింపు. చల్లటి గరాజ్‌లో మూడు నెలలకోసారి, టెక్సస్ ఎండల్లో నెలకోసారి చూడండి. 12.5కి వచ్చిందంటే నింపెయ్యండి.

చలికాలం గురించి భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. నిండు బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీలకి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన దాంట్లో యాసిడ్ పలచబడి దాదాపు నీళ్లలా ఉంటుంది కాబట్టి మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగలొచ్చు. అలా గడ్డకట్టిందనిపిస్తే చార్జర్ తగిలించకండి. నిండుగా ఉండి విడదీసి ఉంటే మిన్నెసోటాలో అయినా ఆరుబయట ఉండగలదు.

7. చేత్తో చూడాల్సినవి

ఏడాదికి రెండుసార్లు పెట్టె మూత తీసి చూడండి. ముందు షోర్ పవర్, సోలార్ ఆపెయ్యాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, తగిలించేటప్పుడు నెగటివ్ చివర. ఈ వరస పాటిస్తే స్పానర్ జారి ఛాసీకి తగిలినా షార్ట్ అవదు. చేతికున్న ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టండి.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో చిలుము ఉంటే నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బిగించాక పైన పలచగా వాసలీన్ రాస్తే చాలు. బోల్టుని లేబుల్ మీద చెప్పిన టార్క్‌కే బిగించాలి, టెర్మినల్ సీసంతో చేసింది కాబట్టి బలం చూపిస్తే లోపలి సీల్ కదిలిపోతుంది. రెండు బ్యాటరీలు ప్యారలల్‌లో ఉంటే పాజిటివ్ కేబుల్ ఒక బ్యాటరీ నుంచి, నెగటివ్ రెండో బ్యాటరీ నుంచి తీసుకున్నారో లేదో చూడండి. రెండూ ఒకదాని నుంచే తీస్తే ఆ ఒక్కటే ఎక్కువ పని చేసి ముందు పోతుంది, రెండోదాన్ని కూడా లాక్కుపోతుంది.

డబ్బా పక్కలు ఉబ్బినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా, చార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే చార్జింగ్ ఆపి తలుపులు తెరవండి. ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. సీల్డ్ అన్నంత మాత్రాన గ్యాస్ అసలు రాదని కాదు, కాబట్టి గాలి ఆడని పెట్టెలో బిగించెయ్యకండి.

8. నీరసపడితే

పూర్తిగా డిశ్చార్జ్ అయిన బ్యాటరీని కొన్ని స్మార్ట్ చార్జర్లు గుర్తించవు, ఎర్ర లైటు చూపించి ఊరుకుంటాయి. అదే రకం మంచి 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుళ్లతో ప్యారలల్‌గా తగిలించి, వోల్టేజి 11 దాటాక చార్జర్ పెడితే అది పని మొదలెడుతుంది. వెంటనే రెండో బ్యాటరీ తీసేసి, పక్కనే ఉండి వేడి చూస్తూ పూర్తిగా నింపండి. ఒకట్రెండు రోజులు అలా ఉన్న బ్యాటరీ చాలావరకు కోలుకుంటుంది. రెండు నెలలున్నదైతే ఆశ పెట్టుకోవద్దు.

ఎంత బలం మిగిలిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పూర్తిగా నింపి, రాత్రంతా ఉంచి, 100 ఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్ల లోడు తగిలించండి. కారు హెడ్‌లైట్‌లో వాడే 60 వాట్ల పాత హాలోజెన్ బల్బు సరిగ్గా సరిపోతుంది, వేడెక్కుతుంది కాబట్టి ఇటుక మీద పెట్టండి. పది గంటల తర్వాత బల్బు తీసేసి, నాలుగు గంటలాగి వోల్టేజి చూడండి. 12.2 అటూ ఇటూ ఉంటే బ్యాటరీ ఆరోగ్యంగా ఉంది. 12 దగ్గరుంటే ముసలిదైంది. పది గంటలు గడవకముందే బల్బు మసకబారితే కొత్తది కొనాల్సిందే. పరీక్ష అయిన వెంటనే మళ్లీ నింపండి.

మార్చేటప్పుడు జంటలో ఒక్కదాన్నే మార్చకండి. పాతదాని బలహీనత కొత్తదానికీ అంటుకుంటుంది. పాతవి షాపులో ఇస్తే కోర్ డిపాజిట్ (పాత బ్యాటరీ తెచ్చిచ్చేదాకా పట్టుకునే సొమ్ము) వెనక్కిస్తారు. కొత్తదాని లేబుల్ చూసి చార్జర్, సోలార్ కంట్రోలర్, షంట్ మూడింటి సెట్టింగులూ అదే రోజు మార్చండి. తగిలించేటప్పుడు ఎర్ర, నల్ల రంగుల్ని గుడ్డిగా నమ్మొద్దు. ట్రెయిలర్లలో తెల్ల వైరు నెగటివ్‌గా, నల్ల వైరు పాజిటివ్‌గా ఉండటం మామూలే. తారుమారైతే కన్వర్టర్‌లోని రివర్స్ పోలారిటీ ఫ్యూజులు టప్పుమని పోతాయి. అవి పోయినా బ్యాటరీ మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి, చార్జింగ్ మాత్రం జరగదు. అందుకే బిగించడం అయ్యాక షోర్ పవర్ పెట్టి, టెర్మినళ్ల దగ్గర వోల్టేజి 13 దాటుతోందో లేదో ఒకసారి చూసుకోండి. షాపులో ఎన్నాళ్లుందో తెలియదు కాబట్టి, మొదటి ట్రిప్పుకి ముందు దాన్ని రాత్రంతా చార్జింగ్‌లో ఉంచి, కరెంటు 1 ఆంపియర్‌కి దిగాకే బయల్దేరండి.